ఎనిమిది, కన్ను, 64×36: టోక్యో ఫుజీ టీవీ తెర గుర్తుల మీద ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. లోగోల చరిత్ర అనగానే వరసగా బొమ్మలు చూపించి, ఇది ఫలానా ఏడాదిది, అది ఫలానా ఏడాదిది అని చెప్పుకుపోవడం మామూలు. ఆ లెక్కన ఫుజీ టీవీ కథ రెండు నిమిషాల్లో అయిపోతుంది. 1959 మార్చి 1న ప్రసారాలు మొదలైన దగ్గర్నుంచి 1986 మార్చి దాకా ఎనిమిది అంకె గుర్తు. 1986 ఏప్రిల్ 1 నుంచి ఇవాళ్టి దాకా కన్ను గుర్తు. అరవై అయిదేళ్ళు దాటిన స్టేషన్‌కి రెండే రెండు గుర్తులు.

అయినా చెప్పుకోవాల్సింది చాలా ఉంది. బొమ్మలు రెండే కానీ, అవి తెర మీద కూర్చునే చోటు చాలాసార్లు మారింది. ముందు ఉదయం, రాత్రి వేసే ఫిల్ములో ఉండేది. తర్వాత తెర పైన కుడి మూలకు వచ్చి కూర్చుంది. ఆ తర్వాత టీవీ పెట్టె జ్ఞాపకంలోకే దూరిపోయింది. చోటు మారినప్పుడల్లా గుర్తు చేయాల్సిన పని మారింది, దాన్ని చెడగొట్టే సాంకేతిక కారణాలూ మారాయి. ఇవాళ ఆ చోట్ల గురించే మాట్లాడతాను.

ముందు ఎనిమిది సంగతి. గుండ్రటి నాబ్‌ని టకటకమని తిప్పే టీవీలను గుర్తు తెచ్చుకోండి. నాబ్ మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. టోక్యోలో వాటిలో పనికొచ్చేవి ఏడు: 1, 3 ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేవి, 4 నిప్పాన్ టీవీది, 6 టీబీఎస్‌ది, 8 ఫుజీది, 10 ఇప్పటి టీవీ అసాహీది, 12 ఇప్పటి టీవీ టోక్యోది. మధ్యలో అంకెలు ఎందుకు ఖాళీగా ఉన్నాయంటే, పక్కపక్క ఛానళ్ళు ఒకే ఊళ్ళో ఉంటే ఒకదాని సిగ్నల్ ఇంకోదాని మీద పడుతుంది. మరి 3, 4 పక్కపక్కనే ఉన్నాయి కదా అంటారేమో. అంకెల్లో పక్కనే గానీ తరంగాల్లో కాదు. జపాన్‌లో మూడో ఛానల్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది, నాలుగోది 170 దగ్గర మొదలవుతుంది. ఇక 7, 8 మధ్య విచిత్రం ఉంది. ఏడోది 188 నుంచి 194, ఎనిమిదోది 192 నుంచి 198. అంటే రెండు మెగాహెర్ట్జ్ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఈ రెంటినీ ఒకే ఊళ్ళో పెట్టడం కుదరని పని.

కాబట్టి ఆ రోజుల్లో అంకే స్టేషన్ చిరునామా. ఇంట్లో వాళ్ళకు కంపెనీ పేరు తెలియకపోయినా నాబ్ ఎక్కడ ఆపాలో తెలియాలి. ఫుజీ వాళ్ళు గుర్తుగా ఎనిమిదిని ఎంచుకోవడం అలంకారం కోసం కాదు, వాడుక చెప్పడం కోసం. దాన్ని గీసింది కామెకురా యూసాకు. 1964 టోక్యో ఒలింపిక్స్ గుర్తు గీసింది కూడా ఆయనే. ఎర్రటి సూర్యుడు, కింద బంగారు రంగు వలయాలు, అదే.

అంకెను గుర్తుగా పెట్టుకుంటే ఒక ఇబ్బంది ఉంది. ఊరు దాటితే ఆ అంకె చెల్లదు. ఫుజీ కార్యక్రమాలు ఒసాకాలో కాన్సాయ్ టీవీలో వచ్చేవి, అదృష్టవశాత్తూ అదీ ఎనిమిదే. నగోయాలో తోకాయ్ టీవీ ఒకటో నంబరు. ఫుకువోకాలో అనుబంధ స్టేషన్ యూహెచ్ఎఫ్‌లో, అంటే నాబ్ మీది పన్నెండుకు పైనున్న తరంగాల్లో, 37. అక్కడి వాళ్ళకు తెర మీద 8 చూపిస్తే అయోమయమే తప్ప ఉపయోగం లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కన్ను దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు మొదటి చోటు. అనలాగ్ రోజుల్లో జపాన్ భూతల ప్రసారాల్లో, అంటే నేల మీది టవర్ల నుంచి యాంటెనాకు వచ్చేవాటిలో, రోజంతా మూలన నిలబడే లోగో మామూలు కాదు. గుర్తు ముఖ్యంగా కనిపించేది ఉదయం ప్రసారం మొదలయ్యేటప్పుడు, రాత్రి ముగించేటప్పుడు. అది సరదాకి వేసింది కాదు. ప్రసారం మొదలులోనూ చివర్లోనూ స్టేషన్ తన కాల్ సైన్, అంటే తనకు కేటాయించిన గుర్తింపు అక్షరాలు, చెప్పాలని అక్కడి రేడియో నిబంధన. ఫుజీది జె.ఓ.సి.ఎక్స్. ఎన్‌హెచ్‌కే టోక్యోది జె.ఓ.ఎ.కె., నిప్పాన్ టీవీది జె.ఓ.ఎ.ఎక్స్., టీవీ అసాహీది జె.ఓ.ఇ.ఎక్స్. ఇలాంటి ఫిల్ముల్లో గుర్తు, కాల్ సైన్, ఛానల్ నంబరు, చాలాచోట్ల ప్రసార శక్తి కూడా రాసేవారు. టోక్యో పెద్ద స్టేషన్లకు బొమ్మ 50 కిలోవాట్లు, ధ్వని 12.5 కిలోవాట్లు. చట్టం చెప్పమన్న నాలుగు ముక్కల చుట్టూ ఒక్కో స్టేషన్ తన ముఖం కట్టుకుంది. నిప్పాన్ టీవీ పావురాల ఫిల్ము వీటిలో బాగా పేరున్నది. ఇప్పటికీ జపాన్‌లో ఆ వయసు వాళ్ళ ముందు పావురం అంటే ఆ స్టేషన్ పేరే చెబుతారు.

ఈ బొమ్మలు తెర మీదికి ఎలా ఎక్కేవంటే, కదిలేదైతే ఫిల్ము, కదలనిదైతే స్లయిడ్ లేదా కార్డు. ఆ కార్డును దీపం వెలుగులో పెట్టి, దాని మీద పడి తిరిగొచ్చే కాంతిని కెమెరాలోకి పంపే యంత్రం పేరు టెలివిజన్ ఒపేక్ ప్రొజెక్టర్. దాన్ని కుదిస్తే ‘టెలాప్’. ఇవాళ జపాన్‌లో తెర మీద కనిపించే ఏ అక్షరాన్నైనా ‘తెరొప్పు’ అంటారు. యంత్రం పోయింది, పేరు మిగిలింది.

దీంతో తంటాలు చాలానే ఉండేవి. దీపం వేడికి కార్డు వంగితే ఒక మూల ఫోకస్ పోతుంది. ఇమేజ్ ఆర్థికాన్ గొట్టం ఉన్న కెమెరాను తెల్లటి గుర్తు మీద కదలకుండా ఎక్కువసేపు ఉంచితే ఆ గుర్తు నీడ గొట్టంలో అంటుకుంటుంది. తర్వాత వచ్చే మనిషి ముఖం మీద ఎనిమిది తేలుతూ కనిపిస్తుంది. సన్నటి దగ్గరదగ్గర గీతలు పెడితే రంగుల టీవీలో ఇంకో తెగులు: ఆ గీతల సిగ్నల్ 3.58 మెగాహెర్ట్జ్ రంగు సిగ్నల్‌కి దగ్గరగా ఉంటే, నలుపు తెలుపు గీతల మీద ఇంద్రధనుస్సు పాకుతుంది. గాఢమైన ఎరుపు పక్కకు కారుతుంది, ఎందుకంటే ఎన్‌టీఎస్‌సీ అనే అప్పటి రంగుల ప్రసార పద్ధతిలో వెలుగుకు ఇచ్చిన జాగాలో కొంతే రంగుకు ఇచ్చారు. ఆ కాలం టీవీ గుర్తులన్నీ లావుగా, దిట్టంగా, రెండు మూడు ముక్కల్లో ఉండటానికి సగం కారణం ఇదే. అప్పటి ఫ్యాషన్ అని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఇంజనీర్ల గదిలో అడిగితే జవాబు వేరుగా వస్తుంది.

ఫిల్ము తిరగబడటం ఇంకో ప్రమాదం. 1953 ఆగస్టు 28న నిప్పాన్ టీవీ మొదలైన రోజు మధ్యాహ్నం పన్నెండింటికి సేకోషా గడియారం ప్రకటన వేశారు. జపాన్ టీవీలో అదే మొదటి ప్రకటన. ఫిల్మును తిరగేసి ఎక్కించడంతో ధ్వని సరిగా రాలేదు. ధ్వని పట్టీ ఫిల్ముకు ఒక అంచునే ఉంటుంది, తిరగేస్తే చదివే దీపం దాని మీద పడదు. బొమ్మ కూడా అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది. అక్షరాల గుర్తయితే ఇట్టే దొరికిపోతుంది. ఎనిమిది అంకె మాత్రం అద్దంలో చూసినా దాదాపు ఎనిమిదే. ఫుజీ వాళ్ళు అది ఆలోచించి పెట్టారని నేను అనను. (నవ్వులు)

ఇక 1986. ఆ ఏప్రిల్‌లో ఫుజీ టీవీ ఉన్న గుంపు, అంటే ఫుజీసాంకేయ్ సంస్థలన్నిటికీ ఒకే గుర్తు తెచ్చారు. వార్తాపత్రిక సాంకేయ్, రేడియో నిప్పాన్ హోసో, పాటలు వేసే సంస్థ, అందరికీ కలిపి ఒకటి. గీసింది యోషిదా కాట్సు అనే చిత్రకారుడు. చేత్తో కుంచె పట్టి లాగినట్టున్న కన్ను. ‘మెదమా మార్కు’ అంటారు, కనుగుడ్డు గుర్తు అని అర్థం. మన దూరదర్శన్ గుర్తునూ కన్నే అంటాం, కానీ దానికీ దీనికీ పోలిక లేదు. దూరదర్శన్‌ది లెక్క ప్రకారం గీసిన వంపు, ఫుజీది చేతి వాటం.

ఎనిమిది ఎందుకు పోయిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. పత్రికకు ఛానల్ నంబరు ఉండదు, రేడియోకి ఎనిమిదితో సంబంధం లేదు, ఫుకువోకాలో అది 37. గుంపు మొత్తానికి ఒక ముఖం కావాలంటే అంకె దిగిపోవాల్సిందే. పైగా అప్పటికే రిమోట్లు ఇళ్ళలోకి వస్తున్నాయి. నాబ్ ఎక్కడ ఆపాలో చెప్పే పని గుర్తుకు తగ్గింది.

తర్వాత మిగతా స్టేషన్లూ ఇదే దారి పట్టాయి. 1992లో నిప్పాన్ టీవీ మియాజాకి హయావో చేత ‘నాందరో’ అనే జంతువును గీయించుకుంది. ఆ మాటకు ‘ఇదేమిటబ్బా’ అని అర్థం. 1994లో టీబీఎస్ మనిషి అని అర్థమిచ్చే కాంజీ (చైనా నుంచి వచ్చిన లిపి) అక్షరాన్ని పోలిన గుర్తు తెచ్చింది. టీవీ అసాహీ 2003 అక్టోబరు 1న లండన్ బృందం ‘టొమాటో’ చేత చేయించుకున్నది వీటన్నిటికంటే వింత. అక్షరాలతో పాటు కడ్డీలు ఉంటాయి. అవి ధ్వనిని బట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్ కదిలిస్తే కదులుతాయి. కాగితం మీద అచ్చు వేస్తే సగం గుర్తే కనిపించే లోగో అది. నా లెక్కలో జపాన్ టీవీలో పుట్టిన నిజమైన తెర గుర్తు అదొక్కటే. మిగతావన్నీ కాగితం మీద పుట్టి తెరకెక్కినవి.

2003 డిసెంబరు 1న టోక్యో, ఒసాకా, నగోయాల్లో భూతల డిజిటల్ ప్రసారాలు మొదలయ్యాయి. గుర్తు మూలకు వచ్చి కూర్చోవడం మామూలైంది ఇక్కడి నుంచే. పైన కుడివైపు, తెల్లగా, సగం పారదర్శకంగా ఉంటుంది. ‘వాటర్‌మార్క్’ అంటారు. ఏ స్టేషన్ చూస్తున్నారో చెప్పడం ఒక పని, కాపీ కొట్టి ఎక్కడైనా పెడితే ఎవరిదో తెలియడం ఇంకో పని. మన తెలుగు న్యూస్ ఛానళ్ళ తెరకు అలవాటైన కళ్ళకు ఆ మూల బోసిగానే అనిపిస్తుంది.

దాన్ని కలిపేది స్టూడియోలో కాదు, చిట్టచివర, మాస్టర్ కంట్రోల్ గదిలో. కీయర్ అనే పరికరానికి రెండు బొమ్మలు ఇస్తారు: ఒకటి గుర్తు రంగు, ఇంకోటి అది ఎక్కడ ఎంత పారదర్శకమో చెప్పేది. లెక్క చిన్నదే. డిజిటల్ వీడియోలో నలుపు 16, తెలుపు 235. గుర్తు నిండుతనం 0.3 అనుకోండి. నల్లటి నేపథ్యం మీద తెల్ల గుర్తు పెడితే 16లో 70 శాతం, 235లో 30 శాతం కలిపి 82 వస్తుంది, గుర్తు చక్కగా కనిపిస్తుంది. 180 ఉన్న ఆకాశం మీద 196 వస్తుంది, తేడా పదహారే, కళ్ళు చికిలించాలి. మంచు మైదానం 235 అయితే ఫలితం 235. గుర్తు మాయం. అందుకే చుట్టూ రెండు పిక్సెళ్ళ నల్లటి అంచు 0.15 నిండుతనంతో పెడతారు. అప్పుడు మంచు మీద ఆ అంచు 202కి దిగి ఆకారం తెలుస్తుంది. అంచు మరీ ముదిరితే రాత్రి దృశ్యాల్లో మురికి పట్టినట్టుంటుంది.

రెండో తంటా ఇంటర్‌లేస్‌ది. బొమ్మను ఫీల్డులనే రెండు సగాలుగా పంపుతారు. ఒక ఫీల్డులో బేసి గీతలు, తర్వాతి ఫీల్డులో సరి గీతలు వస్తాయి కాబట్టి, గుర్తులో ఒకే గీత మందం ఉన్న అడ్డ గీత సెకనుకు ముప్పై సార్లు వచ్చి పోతూ అదురుతుంది. అడ్డ గీతలు కనీసం రెండు, వీలైతే మూడు గీతల మందం ఉండాలి, లేదా పైకీ కిందికీ కొద్దిగా మెత్తన చేయాలి. కుంచె గీతలా ఒక చివర సన్నబడే ఫుజీ కన్ను లాంటి గుర్తుకు ఈ బెడద ఎక్కువ. సన్నటి కొస ఎక్కడ తెంపాలో చేత్తో నిర్ణయించాలి, బొమ్మను యంత్రంతో చిన్నది చేసి వదిలేస్తే కుదరదు.

మూడోది వెడల్పు. స్టూడియోలో 1920 పిక్సెళ్ళు ఉన్న బొమ్మ భూతల ప్రసారంలో 1440గా వెళ్తుంది. 120 పిక్సెళ్ళ వెడల్పున్న గుర్తు 90 అవుతుంది. తర్వాత ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతి దాన్ని 16×16 గళ్ళుగా కోస్తుంది. కెమెరా పక్కకు తిరిగినప్పుడు గడిలోని నేపథ్యం కదులుతుంది, గుర్తు కదలదు. ఒకే గడికి రెండు రకాల కదలిక చెప్పలేక, గుర్తు అంచుల చుట్టూ దోమలు మూగినట్టు చుక్కలు పుడతాయి. దానికి బిట్లు పెంచుదామా అంటే, ఛానల్ జాగాను పదమూడు సెగ్మెంట్లుగా కోసి ఇళ్ళ టీవీలకు ఇచ్చే పన్నెండింటిలో దొరికేది మొత్తం సెకనుకు 16.85 మెగాబిట్లు, ధ్వని, డేటా కూడా అందులోంచే. గుర్తును గళ్ళ హద్దుల్లో సర్దితే తక్కువ గళ్ళు చెడతాయి. 1440లో పదహారు పిక్సెళ్ళంటే 1920 లెక్కలో ఇరవై ఒకటీ ఒకటిలో మూడో వంతు. డిజైనర్ ఇది తెలియక 1920 బొమ్మ మీద పదహారు గుణిజాలతో సర్దితే శ్రమ వృథా. 2006 ఏప్రిల్ 1న మిగిలిన ఆ ఒక్క సెగ్మెంట్‌లో ఫోన్ల కోసం వన్‌సెగ్ వచ్చాక ఆ 120 పిక్సెళ్ళ గుర్తే 320 వెడల్పు తెరలో 20 పిక్సెళ్ళయింది. పక్కన అక్షరాలుంటే చదవడం కష్టమే.

ఇక ప్రకటనలు. జపాన్ వాణిజ్య స్టేషన్లలో ప్రకటన మొదలవగానే మూల గుర్తు మాయమవుతుంది, కార్యక్రమం మళ్ళీ రాగానే ప్రత్యక్షమవుతుంది. డబ్బిచ్చినవాడికి తెర మొత్తం తనదే కావాలి కదా. ఆ ఎక్కడం దిగడం సమయపట్టిక ప్రకారం యంత్రమే చేస్తుంది. ప్రత్యక్ష ప్రసారం నాలుగు సెకన్లు లాగితే, పట్టికలో ఆ మార్పు చేయకపోతే, గుర్తు నాలుగు సెకన్లు ముందే దిగిపోతుంది, ప్రకటన అయిపోకముందే ఎక్కేస్తుంది. భూకంపం, తుఫాను వచ్చినప్పుడు ఇంకో ఏర్పాటు ఉంటుంది. కార్యక్రమం బొమ్మను చిన్నది చేసి పైన కుడివైపుకు నెట్టి, ఎడమా కిందా పట్టీల్లో సమాచారం నడుపుతారు. గుర్తును ఈ కుదింపుకు ముందు కలిపితే అదీ కుంచించుకుపోతుంది, తర్వాత కలిపితే అసలు పరిమాణంలోనే ఉంటుంది. తీగలు ఏ వరుసలో కలిపారో తెర చూసి చెప్పవచ్చు.

ఈ లోపల పాత అనలాగ్ తెర సంగతి. 16:9 బొమ్మను 4:3కి కోస్తే 1920లో మధ్య 1440 మిగులుతుంది, రెండు పక్కలా 240 చొప్పున పోతాయి. బయటి 240లో పెట్టిన ఏ గుర్తయినా అనలాగ్ వాళ్ళకు కనిపించదు. 2008 జూలైలో అనలాగ్ ప్రసారాల కుడి మూలన స్టేషన్ గుర్తుకు బదులు ‘అనలాగ్’ అని కతాకనా అనే జపాన్ లిపిలో నాలుగక్షరాలు వచ్చాయి. మీ టీవీ పాతది, మార్చుకోండి అని చెప్పడమే దాని పని. 2010 జూలైలో పూర్తి బొమ్మను నల్ల పట్టీల మధ్య చూపడం మొదలుపెట్టారు. 480 గీతల్లో 360 బొమ్మకు, పైనా కిందా 60 చొప్పున ఖాళీ, ఆ ఖాళీలో అనలాగ్ ఆగిపోతుందన్న సమాచారం. 2011 జూలై 1 నుంచి ఎన్ని రోజులు మిగిలాయో కింద ఎడమవైపు పెద్ద అంకెలతో చూపారు. జూలై 24 మధ్యాహ్నం పన్నెండింటికి కార్యక్రమాలు ఆగిపోయాయి. భూకంపం దెబ్బ తిన్న ఇవాతే, మియాగి, ఫుకుషిమా ప్రాంతాల్లో మాత్రం 2012 మార్చి 31 దాకా సాగాయి.

డిజిటల్‌లో ఎనిమిది తిరిగొచ్చింది చూడండి. ఫుజీ అసలు ప్రసారమయ్యేది యూహెచ్ఎఫ్ 21లో, 518 నుంచి 524 మెగాహెర్ట్జ్. కానీ రిమోట్ మీద నొక్కాల్సిన మీట సంఖ్యను స్టేషనే సిగ్నల్‌లో పంపుతుంది, ఫుజీ 8 పంపుతుంది. ఫుకువోకా అనుబంధ స్టేషన్ 37 వదిలి అదీ 8 అయింది. టీవీ అసాహీ 10 నుంచి 5కి, టీవీ టోక్యో 12 నుంచి 7కి, ఎన్‌హెచ్‌కే విద్యా ఛానల్ 3 నుంచి 2కి మారాయి. అనలాగ్‌లో కుదరని 7, 8 ఇప్పుడు పక్కపక్కనే ఉన్నాయి. అంకెకు తరంగంతో సంబంధం తెగిపోయింది మరి.

చివరి చోటు టీవీ పెట్టె లోపల. కార్యక్రమాల పట్టికలో స్టేషన్ పేరు పక్కన కనిపించే చిన్న బొమ్మ కంపెనీ వాళ్ళు ముందే పెట్టింది కాదు, గాలిలో వస్తుంది. అది వచ్చేది సిగ్నల్‌లోని సీడీటీ అనే సమాచార పట్టికలో. దాని చిరునామా, అంటే పీఐడీ, హెక్స్‌లో 29, టేబుల్ సంఖ్య సీ8. ఆరు సైజులు: 48×24, 36×24, 48×27, 72×36, 54×36, 64×36. మీరు కంప్యూటర్‌లో తీసి చూస్తే 36×24 పక్కల నుంచి నొక్కేసినట్టు, 48×24 సాగదీసినట్టు కనిపిస్తాయి. తప్పేమీ లేదు. కొన్ని తెరల పిక్సెళ్ళు చదరంగా ఉండవు, ఒక్కో సైజూ తనకు ఉద్దేశించిన తెర మీద 16:9గానే కనిపిస్తుంది. 36ను 32తో గుణించి 27తో భాగించండి, 42.7 వస్తుంది, 24కి అది సరిగ్గా 16:9.

ఇవి పీఎన్‌జీ ఫైళ్ళే, కానీ రంగుల పట్టిక ఉండదు. బైట్లు ఆదా చేయడానికి 128 రంగుల ఉమ్మడి పట్టికను టీవీల్లోనే ఉంచారు. 0 నుంచి 64 దాకా నిండు రంగులు, వాటిలో 8వది పూర్తి పారదర్శకం. 65 నుంచి 127 దాకా సగం పారదర్శకం. అందుకని గాలిలోంచి పట్టిన ఫైలు మామూలు సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు. మొదటి 33 బైట్లు, అంటే 8 బైట్ల సంతకం, బొమ్మ కొలతలు చెప్పే 25 బైట్ల ఐహెచ్‌డీఆర్, అయ్యాక అక్కడ కోసి, రంగుల పట్టిక ఉండే 396 బైట్ల పీఎల్‌టీఈ ముక్క, దాని వెనక పారదర్శకత చెప్పే 140 బైట్ల టీఆర్‌ఎన్‌ఎస్ ముక్క అతికించాలి. వరుస మారకూడదు. ఒక్కో ముక్క చివర తప్పులు పట్టడానికి ఉండే నాలుగు బైట్ల సీఆర్‌సీ సంఖ్య తప్పుగా ఉంటే మళ్ళీ తెరుచుకోదు. కుంచె వంపు మెత్తగా కనిపించాలంటే నిండు రంగుకూ పారదర్శకానికీ మధ్య మెట్లు చాలా ఉండాలి. ఇక్కడ ఉన్నది ఒక్క మెట్టే, సగం. 64×36లో కన్ను గీసేవాడు పిక్సెల్ పిక్సెల్‌గా చేత్తో సర్దాల్సిందే.

ప్రతి గుర్తుకూ ఒక వెర్షన్ సంఖ్య ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న టీబీఎస్ చేసినట్టు స్టేషన్ లోగో మార్చితే, కొత్త బొమ్మ పంపితే చాలదు, ఆ సంఖ్య కూడా పెంచాలి. టీవీ తన దగ్గరున్న సంఖ్యతో పోల్చి, వేరుగా ఉంటేనే కొత్తది తీసుకుంటుంది. సంఖ్య మార్చడం మరిచిపోతే భవనం మీద బోర్డు, స్టూడియో గోడ, తెర మూల అన్నీ కొత్తవై, కార్యక్రమాల పట్టికలో మాత్రం పాత గుర్తే కూర్చుని ఉంటుంది. ప్రశ్నలుంటే అడగండి.